మా యింటి మెత్తని పగడములు

మౌలాలి గుట్టమీద నిలువబడి నలుదిక్కుల జూచినవానికి రాళ్లు, రైలుపట్టాలు, మేడలు కనబడును గాని సముద్రము కనబడదు. మచిలీపట్టణపు రేవు ఇచ్చటికి 300 కిలోమీటర్ల పైమాట. అట్టి చోట నా యింటి ముందుగదిలో రెండున్నర అడుగుల గాజుతొట్టి యొకటి కలదనియు, అందు ఉప్పునీటిలో పగడములు పెరుగుచున్నవనియు విన్నవారు మొదట నవ్వుదురు, పిదప చూడవత్తురు, చూచిన పిమ్మట "ఇవి పువ్వులా, పురుగులా?" అని యడుగుదురు. ఈ యేడు సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, ఆ ప్రశ్నకు నేను చెప్పెడి జవాబునే వ్రాసి పంపవలెనని తలంచితిని. కాని వ్రాయ గూర్చుండగా పగడముల యందముకంటె వాని రోగములును, వానికి నేను చేసిన వైద్యమును, ఆ వైద్యమువలన కలిగిన నష్టములును ఎక్కువగా జ్ఞప్తికి వచ్చెను. కావున వానినే వ్రాయుచున్నాను.

ముందుగా, ఇవి జంతువులు. పువ్వువలె విప్పారునది నిజముగా పువ్వు కాదు. ఒక నోరును, నోటిచుట్టు స్పర్శకములును, క్రింద సంచివంటి కడుపును గల చిన్న ప్రాణి. అట్టివి పదులును నూఱులును ఒక్కచోట అతుకుకొని బ్రదుకును. వాని కండలో కంటికి కానరాని యేకకణ శైవలములు కాపురముండి, వెలుతురుతో ఆహారము చేసికొని, ఇంటి యజమానికి అద్దె చెల్లించినట్లు అందులో కొంత పగడమున కిచ్చును. రాతి పగడములు సున్నపు గూడు కట్టుకొనును, మెత్తనివి కట్టవు. అసలైన మెత్తని పగడమునకు ఈకలవంటి యెనిమిది స్పర్శకము లుండవలెను. నేను మిక్కిలి ప్రేమతో పెంచెడి జోయాంథసులు ఈ లెక్కకు నిలువవు. శాస్త్రమునుబట్టి వానిది వేఱు శాఖ. కాని పెంచువారందఱు వానిని మెత్తని పగడములతోనే చేర్చి చెప్పుదురు గనుక నేనును అట్లే చెప్పెదను. విశాఖపట్టణపు తీరమున ఆటు సమయమందు బయలుపడు రాళ్లమీద జోయాంథసులు తివాచివలె పఱచుకొనియుండుట చూడవచ్చును. నే నచ్చటినుండి ఒక్కటియు తేలేదు. మన దేశమున రాతి పగడములును, నల్ల పగడములును, విసనకఱ్ఱలవంటి గార్గోనియనులును 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. నా తొట్టిలోని మెత్తనివైనను మఱియొక పెంపకందారుని తొట్టిలో పెరిగినవాని తునకలే.

నీటి సంగతి కొంచెము చెప్పి విడిచెదను. మా బోరునీరు రాతినేలలోనుండి వచ్చునది. పప్పు సరిగా ఉడకనియ్యనంతటి కఠినజలము. అది పనికిరాదు. వడపోత యంత్రములో శుద్ధిచేసిన నీట లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమము కలుపవలెను. వేడి 25, 26 డిగ్రీలలో నుండవలెను. మే నెలలో మా గుట్ట బండలు రాత్రి పదిగంటలకు గూడ వేడి కక్కుచుండును గనుక, తొట్టిమీద పంకా తిరుగుచునే యుండును. గాలికి నీరావిరియై తొట్టి చల్లబడును, ఉప్పు మాత్రము మిగులును. మిగిలిన ఉప్పు చిక్కబడకుండ ప్రతి ఉదయము మంచినీరు పోయవలెను. విద్యుత్తు పోయిన రాత్రులను గూర్చి వ్రాయుట కిది స్థలము కాదు.

నా మొదటి రోగి తోలు పగడము. అది కుక్కగొడుగు ఆకారమున నుండి, పైతట్టునిండ చిన్న వ్రేళ్లవంటి పాలిపులను విప్పి, నీటి యూపునకు పైరువలె ఊగుచుండెడిది. తెచ్చిన రెండవ నెలలో ఒకనాటి యుదయము పాలిపులన్నియు లోనికి ముడుచుకొని, పైతోలు మైనము పూసినట్లు నిగనిగలాడుచు, బూడిదరంగునకు తిరిగెను. మూడు దినములు చూచితిని. మార్పు లేదు. జీవశాస్త్రము బోధించువాడను గనుక నాకు ధైర్య మెక్కువ. చర్మరోగమని నిశ్చయించి, అయొడిన్ ద్రావకము కలిపిన గిన్నెలో దానిని ముంచితిని. సీసామీద వ్రాసినదానికి రెండింతల బొట్లు, చెప్పిన కాలమునకు రెండింతల సేపు. రోగము ముదిరినదని నా యూహ. ముదిరిన రోగమునకు మందు హెచ్చుగా నుండవలె ననుట నా తర్కము. మఱునాడు మరల ముంచితిని. నాలుగవనాటికి కాడ మెత్తబడి, తొట్టియంతయు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన కొట్టెను.

తరువాత తెలిసిన దేమనగా, తోలు పగడము అప్పుడప్పుడు ఆ విధముగా ముడుచుకొని, మైనపు పొరనొకదానిని పైన పుట్టించి, దానితోగూడ తనపై చేరిన నాచును మురికిని విడిచివేయును. పాము కుబుసము విడిచినట్లు. ఒక వారము, ఒక్కొక్కప్పు డింకను ఎక్కువ కాలము పట్టును. నీటి ప్రవాహము కొంచెము హెచ్చించి ఊరకుండుటయే దానికి చేయవలసిన యుపచారము. నా రోగికి రోగమే లేదు.

ఈ కథను తొమ్మిదవ తరగతిలో గొప్పగా చెప్పితిని. అప్పటికి నాకింకను కుబుసము సంగతి తెలియదు, పగడమునకు వచ్చిన మహారోగమును గూర్చియే చెప్పితిని. వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "మాస్టరుగారూ, మందు వేయకముందు దానికి రోగమున్నదని మీ కెట్లు తెలిసినది?" అని యడిగెను. వాడు పరిహాసమున కడుగలేదు. నేను, "చూచితిని గదా, ముడుచుకొనెను," అంటిని. "చలికాలమున మేమును ముడుచుకొందుము గదండీ," అనెను. తరగతి యంతయు నవ్వెను, గంట కొట్టిరి, నేను బ్రదికితిని. కాని ఆ రాత్రియే పుస్తకములు వెదకి కుబుసము సంగతి తెలిసికొంటిని. ఆ పిల్లవానికి మఱునాడు చెప్పవలసినది. చెప్పుటకు నాకు పదునైదు దినములు పట్టెను.

రెండవది నిజమైన తెగులు. ఒక స్నేహితుని యొద్దనుండి తెచ్చిన జోయాంథసుల ముక్కమీద సుమారు నలువది పాలిపు లుండెను. ఆకుపచ్చని అంచు, నారింజరంగు నడిమిభాగము. రెండు వారములు బాగుగనే విచ్చెను. పిదప ఒక మూలనుండి మూతులు తెఱచుట మానెను. నలువది ముప్పదియైనది, ముప్పది ఇరువదియైనది. ఈసారి మందు సీసా ముట్టలేదు. దీపము లార్పిన రెండు గంటలకు టార్చిలైటునకు ఎఱ్ఱ కాగితము చుట్టి తొట్టియొద్ద కూర్చుంటిని. రాత్రి తిరుగు జీవులకు ఎఱ్ఱ వెలుతురు అంతగా తెలియదు. మొదటి రాత్రి ఏమియు కనబడలేదు. మూడవ రాత్రి, ముడుచుకొన్న పాలిపుల నడుమ మఱియొక పాలిపు నడచుచుండెను!

అది న్యూడిబ్రాంకు, అనగా చిప్పలేని సముద్రపు నత్త. గోరంతయైనను లేదు. వీపునిండ కుచ్చులు, ఆ కుచ్చులలో ఆకుపచ్చయు నారింజయు, అచ్చముగా నా జోయాంథసుల రంగులే. అది తిన్న పగడములోని రంగును, శైవలములును దాని వీపు కుచ్చులలోనికి చేరును. ఆకుపచ్చని దానిని తినునది ఆకుపచ్చగను, గోధుమవన్నెదానిని తినునది గోధుమవన్నెగను ఉండును. దొంగిలించిన వలువ గట్టుకొని దొంగిలింపబడినవాని యింటనే తిరుగు దొంగను తలంపుడు. పగలు కనుగొనుట దుర్లభము. ముక్కను బయటికి తీసి తిరుగవేసి చూడగా, అడుగున తెల్లని దారమును చుట్టచుట్టినట్లు గ్రుడ్ల పేరులు నాలుగు కనబడెను.

వీనికి ముంచుడు వైద్యమే తగినది. ఈసారి రోగమును కన్నులార చూచితిని గనుక ముంచుటకు సంశయింపలేదు. తొట్టినీటికి సమానమైన వేడిగల మంచినీట ఆ ముక్కను ఒక నిమిషముపాటు ఉంచితిని. ఉప్పునీటి ప్రాణికి మంచినీరు విషమెట్లగునని విద్యార్థులు తప్పక యడుగుదురు. ఆవకాయలో ఉప్పు మామిడిముక్కలోని నీటిని వెలికి లాగును. ఎండుద్రాక్షను మంచినీట వేసిన నీరే లోనికి పోయి ఉబ్బును. న్యూడిబ్రాంకు శరీరములోని రసము సముద్రమంత ఉప్పన. మంచినీరు దానిలోనికి చొచ్చుకొనిపోగా అది పట్టు విడిచి పడిపోవును. జోయాంథసు నోరు బిగించి, బంకకప్పి, కొంతసేపు తాళుకొనును. తోలు పగడమును, జీనియాను ఇట్లు ముంచరాదు, అవి తాళలేవు. ముంచిన నీటిలో పిచికారితో పాలిపుల సందులను జిమ్మితిని. ఏడు న్యూడిబ్రాంకులు గిన్నె యడుగున పడెను. ముంచిన నీటిని తిరిగి తొట్టిలో పోయరాదని వేఱుగ చెప్పనక్కరలేదనుకొందును. నేనొకసారి పోసితిని.

కాని గ్రుడ్లు దీనికి చావవు. వానిని చుట్టిన జిగురు ఏ మందునైనను కొంతసేపు అడ్డగించును. గోటితోను, పాత బ్లేడుతోను గీకి తీయవలసినదే. గీకునప్పుడు ఒకటి రెండు కంటబడక మిగులును. మిగిలినవి పొదుగబడి పిల్లలగును. గనుక ఆరేసి దినముల కొకసారి చొప్పున ఒక నెల ముంచుచు, చూచుచు, గీకుచు నుంటిని. రెండవ వారము మూడు పిల్లలు దొరకెను, మూడవ వారమొకటి, నాలుగవ వారమున ఏమియు లేదు. పదునొకండు పాలిపులు మిగిలెను. ఇంతకును ఆ ముక్కను తెచ్చిన దినముననే వేఱు గిన్నెలో నెలదినములుంచి పిదప తొట్టిలో వేసియుండిన, ఇవి నా తొట్టిలోని తక్కిన రాళ్లకు ప్రాకెడివే కావు. ఓడరేవులలో అంటువ్యాధి దేశమునుండి వచ్చిన ఓడలను దూరముగ నిలిపియుంచు పద్ధతిని నేను పాఠములో పలుమాఱు చెప్పియున్నాను.

తక్కిన పురుగులను గూర్చి త్వరగా చెప్పెదను. నీడగడియారపు నత్త యని యొకటి కలదు, పలుచని గుండ్రని చిప్పమీద నలుపు తెలుపు గళ్లు, చూడ ముచ్చటయైనది, జోయాంథసులనే తినును, పట్టుకారుతో ఏరివేయవచ్చును. ఎఱ్ఱ చదునుపురుగులు మఱియొక జాతి. ఇవి పగడమును తినవు, దానిమీద పఱచుకొని వెలుతురును కప్పివేయును. వీనికి మందు కలదు, అది పనిచేయును; అదియే అపాయము. వేలకొలది పురుగులు ఒక్క గంటలో చచ్చినప్పుడు వాని శరీరములనుండి వెలువడు విషము తొట్టిలోని చేపలను చంపును. ముందుగా సన్నని గొట్టముతో దొరకినన్నింటిని పీల్చివేసి, పిమ్మట మందు వేసి, వెంటనే శోధితమైన బొగ్గు నీటిలో ఉంచి, నీరు మార్చవలెను. చేపలకు తెల్లమచ్చల రోగము వచ్చినప్పుడు వేయు రాగిమందును పగడముల తొట్టిలో ఎన్నడును వేయరాదు. రాగి చేపలకు ఔషధము, వెన్నెముకలేని ప్రాణులకు మృత్యువు. ఒక అంగడివాడు నాకు నీలిరంగు సీసా నిచ్చి, "అన్నింటికిని మంచిది," అనెను. రంగును చూచి మైలుతుత్తము జ్ఞప్తికి వచ్చి తిరిగి యిచ్చివేసితిని. నాకున్న రసాయనశాస్త్రము నాకు పనికివచ్చిన సందర్భము లిట్టివి మిక్కిలి తక్కువ.

ఐప్టేసియా యను గాజువన్నె సాగరపుష్పమును పెఱికినచో చెడుదురు. రాతికంటియున్న చిన్న తునకయైనను మఱల పూర్తి ప్రాణి యగును. నేను పెఱికి, ఒకదానిని తొమ్మిది చేసికొంటిని. శుద్ధమైన కాల్షియము హైడ్రాక్సైడును చిక్కగా కలిపి, నీటి మోటారు నాపి, సూదిలేని సిరంజితో దాని నోటియందు పెట్టవలెను. తాంబూలపు సున్నము నిదే పదార్థము. అయినను అంగడి సున్నమున మఱేమి కలిసియుండునో గనుక దానిని వాడలేదు. ఒక్కనాటికి మూడునాలుగింటి కంటె ఎక్కువ చేసిన నీటి క్షారగుణము పెరిగి పగడములకే కీడగును.

ఈ ఐప్టేసియాలే నన్ను పెద్ద యాపదలోనికి దింపెను. ఒక రాతిమీద అవి దట్టముగా నుండెను. వానితోపాటు గోధుమరంగు లావుపాటి పేలిథోవా లను జోయాంథసు జాతివి పెరిగి చక్కనివానిని త్రోసివేయుచుండెను. ఆ రాతిని తీసి, గిన్నెలో నుడుకబెట్టిన అన్నియు నొక్కసారే పోవునని తలంచితిని. ఆదివారము ఆరాధనకు పోయి వచ్చి, రాతిని పళ్లెములో పెట్టుకొని వంటయింటిలోనికి పోయితిని. మా యమ్మ పాలగిన్నెను పట్టుకొని అడ్డముగా నిలిచెను.

"ఏమిటి నాయనా అది?"

"రాయి అమ్మా. పది నిమిషములు ఉడుకబెట్టి యిచ్చెదను."

"సముద్రపు కుళ్లు కంపు కొట్టుచున్నది. నా పొయ్యిమీద ఉడుకబెట్టుదువా? నేనున్నంతకాలము కాదు. బయటికి తీసికొనిపొమ్ము."

నేను శాస్త్రము చెప్పితిని; మరుగునీట సూక్ష్మజీవులు చచ్చుననియు, గిన్నె మునుపటికంటె శుభ్రమగుననియు వాదించితిని. ఆమె వినలేదు. కోపముతో రాతిని స్నానపు గదిలోనికి తీసికొనిపోయి, తొడుగులు లేని చేతులతో, పాత పండ్ల బ్రష్షుతో తోమితిని. రెండు మూడుసారులు నీరు చింది ముఖమునబడెను. అరగంటకు నాలుకపై లోహపు చేదు. వ్రేళ్లకొనలును పెదవులును తిమ్మిరెక్కెను. రాత్రికి జ్వరమును, వణకును, రొమ్ము బిగింపును వచ్చెను. ఆసుపత్రిలో ఏమి తింటివని యడిగిరి; రాయి తోమితినని చెప్పితిని; వైద్యుడు నా ముఖమువైపు కొంతసేపు చూచెను. తెల్లవారువఱకు గుండె కొట్టుకొనుటను కనిపెట్టి చూచి, రెండవనాటి సాయంకాలమునకు పంపివేసిరి. దేవుని కృపవలన అంతటితో పోయెను.

పేలిటాక్సిను అను విషమును గూర్చి అటుపిమ్మట చదివితిని. హవాయి దీవులలో మౌయి దీవియందలి హానా యొద్ద నొక నీటిగుంటలో పెరుగు పేలిథోవానుండి దానిని వేఱుచేసినట్లు మూర్, షోయెర్ అను శాస్త్రజ్ఞులు 1971లో ప్రకటించిరి. ఆ దీవివాసులు పూర్వము దానిని ఈటెమొనలకు పూసెడివారట. సహజ విషములలో మిక్కిలి తీవ్రమైనవానిలో నిది యొకటి. మన కణములలో సోడియమును బయటికి, పొటాసియమును లోనికి పంపుచుండు చిన్న యంత్రములు కలవు. ఈ విషము ఆ యంత్రమును తెఱచిన తలుపుగా చేసివేయును. కణము తన లోనిదానిని నిలుపుకొనలేదు. కండరములు, గుండె ముందుగా దెబ్బతినును. దీనికి విరుగుడు మందు లేదు. కలిగిన లక్షణములకు చికిత్స చేయుటయే. అన్ని పేలిథోవాలలోను ఇది సమానముగ నుండదు. దేనిలో నెంత యున్నదో చూచి చెప్పుట సాధ్యము కాదు.

చదువుచు చదువుచు ఒకచోట ఆగిపోతిని. తోముటకంటె ఉడుకబెట్టుటయే ఘోరమని యుండెను. రాతిని ఉడుకబెట్టినచో విషము ఆవిరి తుంపరలతో గాలిలోనికి లేచి, ఇంటిలోనివారందఱు పీల్చుదురు. అట్లు ఉడుకబెట్టినవారును, వేడినీరు పోసినవారును అనేకులు ఆసుపత్రుల పాలైరి. 2018లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డుషైరులో తొట్టి శుభ్రపఱచిన యొక కుటుంబమువారందఱును ఆసుపత్రి చేరవలసివచ్చెను. మా వంటయింటికి కిటికీ యొక్కటి. చలికాలమున అదియు మూసియుండును. ఆ ప్రక్క గదిలోనే మా యమ్మ పండుకొనును. ఆమెకు పదునైదేండ్లుగా ఉబ్బసము.

ఆ పుట ఆమెకు చదివి వినిపించితిని. అంతయు విని, "పాలగిన్నె కంపు కొట్టునని గదా నేను వద్దంటిని," అనెను. మఱేమియు ననలేదు. మఱునాడు అంగడినుండి నాకు మోచేతులవఱకు వచ్చు రబ్బరు తొడుగులును, పక్కింటి రైలు షెడ్డు పనివాని యొద్దనుండి కంటి అద్దములును తెప్పించి తొట్టి ప్రక్కన మేకునకు తగిలించెను. పేలిథోవాల రాతిని నీటిలోనే యుంచి సంచిలో కట్టి, బ్లీచింగు ద్రావణములో నానవేసి, మూతపెట్టి ఆరుబయట వారముంచి పాతిపెట్టితిని.

ఇప్పుడు ముందుగది కిటికీలో, పెద్ద తొట్టికి ఎడముగా, పచ్చడి జాడీయంత చిన్న గాజుతొట్టి యొకటి కలదు. క్రొత్తగా వచ్చినదేదైనను నలువదియైదు దినములు అందులో నుండి తీరవలెను. పోయిన నెలలో వచ్చిన జోయాంథసుల ముక్క యందే యున్నది. నేటికి పందొమ్మిదవ దినము. పాలిపులన్నియు విచ్చియున్నవి, రంగు చక్కగా నున్నది, చూచిన పిల్లలు పెద్ద తొట్టిలో వేయుమని తొందరపెట్టుచున్నారు. ఈ యుదయము తొడుగులు తొడిగి, ముక్కను తిరుగవేసి చూచితిని. అడుగున, అంచునకు దగ్గఱగా, తెల్లని దారపు చుట్ట యొకటి. బ్లేడుతో గీకి తీసితిని.